ఎనిమిదో మలుపు: కార్టింగ్ నేర్చుకుంటున్న డైరీ

లక్ష్యం ఒక్కటే పెట్టుకున్నాను. ఈ ట్రాక్‌లో, ఈ అద్దె కార్ట్‌లతోనే (నేలకి దగ్గరగా ఉండే చిన్న రేసు బండ్లు), 45 సెకన్ల లోపు ఒక ల్యాప్, అంటే ట్రాక్ చుట్టూ ఒక రౌండ్ చెయ్యాలి. ట్రాక్ పొడవు దాదాపు 600 మీటర్లు, ఎనిమిది మలుపులు. ఎనిమిదోది దాటగానే 110 మీటర్ల స్ట్రెయిట్. బండికి ఉన్నది హోండా జీఎక్స్200 ఇంజన్, 196 సీసీ, ఎంత తొక్కినా 60 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఎప్పటి నుంచో తోలుతున్నవాళ్లు ఇవే బండ్లతో 43 సెకన్లలో తిరిగొస్తున్నారు. కాబట్టి తేడా అంతా తోలే మనిషిలోనే ఉంది. నాలాగే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుందని, ఏ రోజు ఏం జరిగిందో జరిగినట్టు రాస్తున్నాను.

1వ రోజు. బెస్ట్ ల్యాప్ 49.8

పది నిమిషాల సెషన్లు రెండు. ప్రతి మలుపులో టైర్లు కీచుమని అరిచాయి. స్టీరింగ్ బిగించి పట్టుకున్నందుకు మోచేతుల దాకా నొప్పి పట్టింది. దిగేసరికి చాలా వేగంగా తోలాననిపించింది. టైమ్ షీట్ చూస్తే బెస్ట్ 49.8, చివరి ల్యాప్ 53 పైన.

మూడో మలుపు హెయిర్‌పిన్, అంటే వచ్చిన వైపుకే తిరిగిపోయే యూ ఆకారపు మలుపు. అక్కడ రెండుసార్లు స్పిన్ అయ్యాను. రెండుసార్లూ ఒకే తప్పు: స్టీరింగ్ తిప్పుతూ బ్రేక్ తొక్కాను. ఈ అద్దె కార్ట్‌లకి బ్రేక్ వెనక ఇరుసుకి మాత్రమే ఉంటుంది, ముందు చక్రాలకి ఉండదు. బ్రేక్ పడగానే బరువంతా ముందుకి వాలుతుంది, వెనక తేలికవుతుంది. సరిగ్గా ఆ తేలికైన టైర్లనే అటు బండి ఆపమనీ, ఇటు పక్కకి జారకుండా పట్టుకోమనీ అడిగితే అవి రెండో పని వదిలేస్తాయి. వెనక భాగం ముందుకొచ్చేస్తుంది.

బండిని తోసి ట్రాక్ మీద పెడుతూ, ట్రాక్ చూసుకునే మార్షల్ అన్న చెప్పింది ఇంతే: "బ్రేక్ తొక్కేది బండి తిన్నగా ఉన్నప్పుడే తమ్ముడూ. తిప్పడం మొదలుపెట్టాక ఆ కాలు పెడల్ మీద ఉండకూడదు." మొదటి రోజుకి ఇంతకన్నా ఎక్కువ ఎవరూ నేర్చుకోనక్కర్లేదని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తుంది.

2వ రోజు. 49.1

రోజంతా బ్రేకింగ్ మీదే పెట్టాను. స్ట్రెయిట్ చివర కుడి పక్కన ఒక నారింజ రంగు కోన్ ఉంది. మొదట దానికి రెండు బండ్ల దూరం ముందే బ్రేక్ వేశాను, తర్వాత ల్యాప్‌కి కొంచెం చొప్పున ముందుకి జరుపుతూ పోయాను. కోన్ దగ్గర తొక్కినా బండి ఆగుతోంది, తిరుగుతోంది. కోన్ దాటాక తొక్కితే మాత్రం మలుపు మధ్యలోకి ఎక్కువ వేగంతో వెళ్లిపోయి, బయటి అంచుకి కొట్టుకుపోయి, బయటికి వచ్చేసరికి బండి చచ్చుబడిపోతోంది.

ఎడమ కాలు బ్రేక్ మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద. రెండూ ఒకేసారి తొక్కకూడదు. అలా తొక్కితే క్లచ్ వేడెక్కుతుంది. అలవాటు పడటానికి సెషన్ మొత్తం పట్టింది.

మధ్యలో ఒక సాయంత్రం, గ్రాఫ్ పేపర్ మీద

ఈ రోజు ట్రాక్‌కి వెళ్లలేదు. కానీ అన్ని రోజుల్లోకీ నాకు ఎక్కువ నేర్పింది ఈ సాయంత్రమే.

మలుపుకి ముందు బయటి అంచు, మధ్యలో లోపలి అంచు, చివర మళ్లీ బయటి అంచు. రేసింగ్ లైన్ అంటే ఇదేనని అందరూ చెబుతారు. లోపలి అంచుని తాకే చోటుని అపెక్స్ అంటారు. ఇది ఎందుకు పనిచేస్తుందో మాత్రం కాగితం మీద గీస్తే తప్ప నాకు ఎక్కలేదు. మలుపులో టైర్ పట్టు ఒక హద్దు దాటదు. ఆ హద్దులో ఎంత వేగంగా తిరగగలం అనేది మనం తిరిగే వృత్తం వ్యాసార్ధం వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. వ్యాసార్ధం రెట్టింపైతే వేగం 1.4 రెట్లు అవుతుంది. కాబట్టి ఉన్న రోడ్డు వెడల్పులో పట్టినంత పెద్ద వృత్తం గీయడమే పని.

ఒక మలుపు గీశాను. లోపలి అంచు వ్యాసార్ధం 7 మీటర్లు, బండి వెడల్పు పోగా బయటి అంచు 13. రోడ్డు మధ్యలోంచే తిరిగితే వ్యాసార్ధం 10. అదే మలుపు 90 డిగ్రీలదైతే, బయట నుంచి వచ్చి లోపల తాకి మళ్లీ బయటికి పోయే పెద్ద చాపం వ్యాసార్ధం కంపాస్‌తో కొలిస్తే 27 మీటర్లు దాటింది. నమ్మలేక రెండోసారి గీశాను. అంతే వచ్చింది. మధ్యలోంచి 40 కిలోమీటర్ల వేగంతో తిరగగలిగితే ఈ చాపం మీద 65 దాకా తిరగొచ్చు. బండికి ఉన్న మొత్తం వేగమే 60!

తర్వాత అవే కొలతలతో 180 డిగ్రీల హెయిర్‌పిన్ గీశాను. అక్కడ ఎంత ప్రయత్నించినా పెద్ద వృత్తం వ్యాసార్ధం 13 దాటలేదు. పది నుంచి పదమూడు. అంటే వేగంలో లాభం 14 శాతం మాత్రమే.

ఇన్నాళ్లూ నేను చేస్తున్నది దీనికి పూర్తిగా తలకిందులు. హెయిర్‌పిన్ అంటే కష్టమని అక్కడే లైన్ గురించి తల పగలగొట్టుకుంటున్నాను. సులువుగా కనబడే 90 డిగ్రీల రెండో మలుపులో మాత్రం ఏమీ ఆలోచించకుండా రోడ్డు మధ్యలోంచి బ్రేక్ వేసుకుంటూ పోతున్నాను. లైన్ వల్ల దొరికే సమయం ఎక్కువగా ఆ సులువైన మలుపుల్లోనే ఉంది.

3వ రోజు. 47.4

రెండో మలుపు కోసమే వెళ్లాను. మొదటి మలుపులోంచి బయటపడి రెండోదాన్ని చేరేసరికి బండి వేగం 50 కూడా ఉండదు. కాగితం లెక్క నిజమైతే అక్కడ బ్రేక్ అవసరమే లేదు.

తెలిసినంత మాత్రాన కాలు వినదు. మొదటి నాలుగు ల్యాపులు మలుపు దగ్గరికి రాగానే కుడి కాలు దానంతట అదే పైకి లేచింది. ఐదో ల్యాప్‌లో బండిని ఎడమ అంచుకి, చక్రం తెల్ల గీత మీదకి ఎక్కేంత దగ్గరగా తెచ్చాను. లోపలి కర్బ్ (ట్రాక్ అంచున ఉండే రంగుల గట్టు) మీద ఎర్ర రంగు వెలిసిపోయిన ఒక ముక్క ఉంది. దాని మీదే చూపు నిలిపాను. కాలు ఎత్తలేదు. కర్బ్ ముందు చక్రం కింద గరగరమంది, బండి దానంతట అదే బయటి అంచు వైపు జరుగుతూ పోయింది, జరుగుతూనే ఉంది, గడ్డి దగ్గరికి వచ్చేసింది, ఒక జానెడు ముందు ఆగి తిన్నగా అయిపోయింది. గుండె గొంతులో కొట్టుకుంది. టైర్లు మాత్రం కిక్కురుమనలేదు.

ఆ ల్యాప్ 47.9. సెషన్ చివరికి 47.4. రోడ్డు వెడల్పు మొత్తం వాడుకున్నందుకు 1.7 సెకన్లు తగ్గాయి. ధైర్యం ఒక్కసారి పెరగలేదు. ప్రతి ల్యాప్‌లో బయటి అంచుకి ఇంకో అడుగు దగ్గరగా పోవడమే చేశాను.

4వ రోజు. 47.6

టైమ్ పెరిగింది. అయినా ఈ రోజుని మంచి రోజుల్లోనే వేస్తాను.

మూడో రోజు ధైర్యంతో ఎనిమిదో మలుపులోనూ అదే పెద్ద చాపం గీద్దామని పోయాను. ప్రతిసారీ చివర్లో రోడ్డు చాలలేదు. గడ్డిలోకి పోకుండా యాక్సిలరేటర్ వదలాల్సి వచ్చేది. స్నేహితుడు ఫెన్స్ పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీశాడు. సాయంత్రం ఒక్కొక్క ఫ్రేమ్ ఆపి చూశాం. బండిని దాదాపు ఒక బండి పొడవు ముందే తిప్పేస్తున్నాను. ముందే తిప్పితే ముందే లోపలి అంచుకి చేరుతాను. అప్పటికి మలుపు సగం కూడా అయి ఉండదు. మిగతా సగం తిరగడానికి రోడ్డు ఉండదు. తొందరగా అపెక్స్ తాకడం అంటే ఇదే. కొత్తవాళ్లందరూ చేసే తప్పు, ఎందుకంటే మలుపు కనబడగానే చేతులకి తిప్పాలనిపిస్తుంది.

"ఇంకొంచెం ఆగు. ఇప్పుడు తిప్పకపోతే చాలా ఆలస్యమైపోతుంది అనిపిస్తుంది చూడు, అప్పుడు ఒక్క క్షణం ఆగి తిప్పు" అన్నాడు అన్న.

రెండో సెషన్‌లో ఆగాను. బయటి అంచు మీద తారు అతుకు ఒకటి నల్లగా ఉంటుంది, అది ముందు చక్రం పక్కకి వచ్చేదాకా స్టీరింగ్ తిప్పలేదు. తిప్పేటప్పుడు బండి నెమ్మదిగా ఉన్నట్టే ఉంది. అపెక్స్ కర్బ్ చివరి భాగంలో వచ్చింది. అక్కడికి చేరేసరికి బండి ముక్కు అప్పటికే స్ట్రెయిట్ వైపు చూస్తోంది. స్టీరింగ్ విప్పుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేశాను, వదలాల్సిన అవసరం రాలేదు.

స్నేహితుడు స్టాప్‌వాచ్‌తో ఆ కర్బ్ నుంచి నారింజ కోన్ దాకా పట్టే సమయం కొలిచాడు. చేత్తో కొలిచేదానిలో తప్పు వస్తుంది కాబట్టి పది ల్యాపుల సగటు తీశాం. ముందే తిప్పితే 7.3, ఆగి తిప్పితే 7.1. మలుపు లోపల పోగొట్టుకున్నది దీనిలో సగం కూడా ఉండదు. స్ట్రెయిట్‌లోకి రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వస్తే, ఆ తేడా స్ట్రెయిట్ పొడవునా మనతోనే వస్తుంది. 58 కిలోమీటర్ల వేగంతో 100 మీటర్లకి 6.2 సెకన్లు, 60తో అయితే 6. అందుకే పొడవైన స్ట్రెయిట్‌కి ముందున్న మలుపుకి మిగతా ఏడింటికన్నా ఎక్కువ విలువ. నేనైతే కొత్త ట్రాక్‌కి వెళ్తే మొదట అదెక్కడుందో చూసి, సగం రోజు దానికే ఇస్తాను.

మరి ల్యాప్ టైమ్ ఎందుకు పెరిగింది? ఎనిమిదో మలుపు గురించే ఆలోచిస్తూ మిగతావి పాడు చేశాను. ఒకేసారి ఒకటే మార్చాలి అనుకున్నప్పుడు ఇది తప్పదు.

5వ రోజు. వాన, 54.2

తడిలో లైన్ అంతా మారిపోతుంది. రోజూ తిరిగే దారి మీద టైర్ రబ్బరు పేరుకుని నున్నగా అయి ఉంటుంది. నీళ్లు పడితే అదే అన్నిటికన్నా జారుడు. బయటి అంచు మీది గరుకు తారు పట్టు ఇస్తుంది. మలుపు చుట్టూ బయటి నుంచే పోయి, చివర్లో గట్టిగా తిప్పి, తిన్నగా బయటపడాలి. టైమ్ చూసుకోలేదు. బ్రేక్ మీద కాలు ఎంత మెత్తగా పెట్టాలో మాత్రం బాగా తెలిసింది.

6వ రోజు. 45.9

ఈ రోజు పని చేతులతో.

1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ గడ్డి కోసే యంత్రం ఇంజన్‌తో మొదటి కార్ట్ తయారు చేశాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా కార్ట్‌లో సస్పెన్షన్ లేదు, రెండు వెనక చక్రాలని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండూ నేల మీదే ఉంటే ఒకటి ఈడ్చుకుపోవాల్సిందే. అందుకే కార్ట్ ముందు చక్రాల వాలు ఎలా ఉంటుందంటే, స్టీరింగ్ తిప్పగానే లోపలి ముందు చక్రం కిందికి నొక్కుకుని, లోపలి వెనక చక్రం నేల మీద నుంచి కొద్దిగా లేస్తుంది. అది లేస్తేనే బండి స్వేచ్ఛగా తిరుగుతుంది. స్టీరింగ్ విప్పగానే మళ్లీ దిగుతుంది.

ఇది తెలిశాక రెండు అలవాట్లు మార్చాను. మోటర్‌సైకిల్ మీద లాగా మలుపు లోపలికి ఒరిగేవాణ్ని. అలా ఒరిగితే లేవాల్సిన చక్రాన్ని నా బరువుతో నేనే కిందికి నొక్కుతున్నట్టు. ఇప్పుడు వీపు సీటుకి ఆనించి నిటారుగా కూర్చుంటున్నాను. రెండోది, అవసరమైనదానికన్నా ఎక్కువ తిప్పడం. ముందు టైర్లు జారుతున్నప్పుడు ఇంకా తిప్పితే అవి చీపురులా రోడ్డుని ఊడుస్తాయి, వేగాన్ని తినేస్తాయి. ఈ ఆరు హార్స్‌పవర్ ఇంజన్‌కి పోయిన వేగాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి చాలా దూరం పడుతుంది.

ఇంజన్ గొంతు వినడం కూడా ఈ రోజే మొదలైంది. ఐదో మలుపులో బండి పక్కకి జారిన ప్రతిసారీ మోత బొంగురుపోయి, కూడదీసుకోవడానికి రెండు సెకన్లు తీసుకునేది. స్టీరింగ్‌ని వేళ్లతో మాత్రమే పట్టుకుని, ఒకేసారి మెల్లగా తిప్పి, ఒకేసారి మెల్లగా విప్పాను. ఆ గొంతు మలుపంతా ఒకే స్వరం మీద నిలబడింది. మొదటి రోజు గొప్పగా అనిపించిన టైర్ల కీచు, మలుపుకి మలుపుకి నేను పారబోసుకుంటున్న వేగం. ఇప్పుడు గట్టిగా వినబడితే ఏదో తప్పు చేశానని అర్థం. సన్నగా, ఊదినట్టు వినబడితే హద్దు దగ్గర ఉన్నానని అర్థం.

దిగాక నొప్పి లేదు. ల్యాపులు 46.3, 46.1, 46.0, 45.9, 46.2. చేతులు తేలికపడితే టైమ్ ఇలా దగ్గర దగ్గరగా వస్తుందని నాకు తెలియదు.

7వ రోజు. 46.4

ఇచ్చిన బండి బలహీనంగా ఉంది. స్ట్రెయిట్‌లో మిగతావాళ్లు మెల్లగా దూరమైపోతున్నారు. టెన్షన్ పడి రెండు ల్యాపులు పాడు చేసుకున్నాక ఒక పద్ధతి పెట్టుకున్నాను. అద్దె కార్ట్‌లలో ఒకదానికీ ఇంకోదానికీ తేడా అర సెకను దాకా ఉంటుంది. కాబట్టి నిన్నటి బండితో ఈ రోజు బండిని పోల్చను. నోట్‌బుక్‌లో బండి నంబర్, వాతావరణం, దారి ఇచ్చినందుకు పోయిన ల్యాపులు రాస్తున్నాను. బెస్ట్ ల్యాప్ పక్కన, మంచి ఐదు ల్యాపుల సగటు కూడా రాస్తున్నాను. ఒక మంచి ల్యాప్ ఎవరికైనా అదృష్టం కొద్దీ పడుతుంది. ఐదు పడితే అది నేర్చుకున్నదే.

ఇదే బండితో నాలుగు, ఐదు మలుపుల మీద పని చేశాను. అవి ఎస్ ఆకారంలో ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నాలుగో దాని నుంచి బయటి అంచుకి పోయి బాగా తీసుకుంటే, ఐదోదానికి తప్పు పక్కన తేలుతాను. కాబట్టి నాలుగోదాన్ని వదులుకోవాలి. దానిలో లోపలే అంటిపెట్టుకుని, నెమ్మదిగా, బండి ఐదో మలుపు బయటి అంచున ఉండేట్టు చూసుకోవాలి. చేతిలో ఉన్న మలుపుని పాడు చేసుకుంటున్నట్టు మనసు మొరాయిస్తుంది. ఐదు తర్వాత యాక్సిలరేటర్ ఎంత ముందుగా తొక్కగలుగుతున్నానో చూశాకే ఒప్పుకుంది.

8వ రోజు. 44.8

మొదటి మూడు ల్యాపులు టైర్లు వేడెక్కడానికి వదిలేశాను. లైన్ పక్కన రాలిన రబ్బరు ముక్కల మీదికి పోకుండా చూసుకున్నాను. అవి టైర్‌కి అంటుకుంటే తర్వాతి మలుపు దాకా పట్టు ఉండదు.

ఏడో ల్యాప్. మొదటి మలుపులో కోన్ దగ్గర బ్రేక్, తొక్కి వదిలేశాను. రెండో మలుపులో కాలు ఎత్తలేదు. మూడో మలుపులో మామూలే. నాలుగోది వదులుకున్నాను. ఈ రోజు కొత్తగా చేసింది చూపు ముందు పెట్టడం ఒక్కటే. తిప్పడం మొదలయ్యే లోపే కళ్లు అపెక్స్ మీదికి, అపెక్స్ చేరే లోపే బయటి అంచు మీదికి. కళ్లు ముందు పోతే చేతులు వాటి వెనకే వచ్చాయి.

ఎనిమిదో మలుపు. తారు అతుకు కనబడుతోంది. చేతులు తిప్పమంటున్నాయి. ఆగాను. అతుకు చక్రం పక్కకి వచ్చింది. అప్పుడు తిప్పాను. లోపలి వెనక చక్రం లేచిన ఆ కొద్దిపాటి తేలిక సీటులోంచి నడుముకి తెలిసింది. కర్బ్ చివరి ముక్క, కాలు పూర్తిగా కిందికి, స్టీరింగ్ విప్పుతూ, బయటి గీత ముందు చక్రం కిందికి జారుతూ వచ్చింది. ఇంజన్ గొంతు ఎక్కడా తగ్గలేదు.

షీట్ తీసుకునేటప్పుడు చెయ్యి వణికింది. ఏడో ల్యాప్ 44.8. దాని చుట్టూ 45.0, 45.1, 44.9, 45.2. సగటు సరిగ్గా 45.0. అన్న షీట్ చూసి, వేలిని ఆ ఐదింటి కింద గీత గీసినట్టు జరిపి, "ఇది బాగుంది" అన్నాడు. 44.8ని కాదు, ఆ ఐదు దగ్గర దగ్గరగా ఉండటాన్ని చూసి అన్నాడు.

43లు చేసేవాళ్లతో పోలిస్తే ఇంకా సెకను పైనే ఉంది. అది ఎక్కడుందో ఇప్పుడు నాకు చాలావరకు తెలుసు. మూడో మలుపులో వాళ్లు బ్రేక్‌ని ఒక్కసారిగా వదలరు. తిప్పడం మొదలయ్యేటప్పుడు కొసరు ఒత్తిడి ఉంచి, స్టీరింగ్ తిరుగుతున్న కొద్దీ దాన్ని సన్నగా తగ్గిస్తారు. మొదటి రోజు నన్ను రెండుసార్లు తిప్పి పడేసిన పనే అది, కానీ వాన రోజు కాలికి నేర్పిన మెత్తదనంతో. వచ్చే సెషన్‌కి నోట్‌బుక్‌లో రాసుకున్నది ఇంతే: మూడో మలుపు, బ్రేక్ వదలడం, పది ల్యాపులు.